భుజానికి అద్దిన మన్ను

అమ్మ పోయిన తర్వాత ప్రగతి నగర్ ఇంట్లో వంటగది సర్దే పని నా నెత్తిన పడింది. ఆడవాళ్లు బతికినన్నాళ్లూ పోగేసుకునే గిన్నెలకు అంతూ పొంతూ ఉండదు. అటక మీద నుంచి ఒక్కొక్కటే దించి, ఇది ఉంచాలా, ఎవరికైనా ఇచ్చెయ్యాలా అని తేల్చుకుంటుంటే పాత దుప్పటిలో చుట్టిపెట్టిన ఇత్తడి చెంబు ఒకటి చేతికి తగిలింది. ఇంకా తళతళలాడుతోంది. మంచాన పడేదాకా అమ్మ ఏటా దసరా ముందు దాన్ని చింతపండు పెట్టి తోముతూనే ఉండేది మరి. మెడ కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది, బాలమణి అని. అది మా చెంబు కాదు. మేం రాయదుర్గం వదిలి వచ్చిన రోజు పొద్దున పాలు పోయించుకున్న చెంబు. హడావిడిలో మా సామానుతో పాటు లారీ ఎక్కేసింది. ఆవిడ చెంబు ఆవిడకి ఇచ్చి రావే అని అమ్మ నన్ను సాధించని సంవత్సరం లేదు, ఇస్తాలే అని నేను అనని సంవత్సరమూ లేదు. ఇక ఇప్పుడు సాధించేవాళ్లు లేరు కాబట్టి వెళ్లాలనిపించింది. మనిషి బుద్ధి ఇంతే కదా.

ఈ రోజుల్లో రాయదుర్గం అంటే మెట్రో ఆగిపోయే చోటు, మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూడాల్సిన అద్దాల మేడలు. మేం కిరాయికి దిగినప్పుడు అది బండల మధ్య ఒదిగిన ఊరు. నాన్నది కరెంటాఫీసులో ఉద్యోగం, గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాం. ఇల్లుగలావిడ బాలమణి. భర్త చిన్నవయసులోనే పోతే బర్రెలు పెట్టుకుని, పాలు పోసుకుని, ఒక్కగానొక్క కూతురు సరితను పెంచుకుంటోంది. ముందు వాటాలో మేము, వెనక వాటాలో వాళ్లు, ఆ వెనక కొట్టం. దిగిన రోజే అమ్మ ఆవిడను అక్కయ్యగారూ అంది, ఆవిడ అమ్మను చెల్లె అంది, దాంతో నాకు పెద్దమ్మ అయిపోయింది. వాళ్లిద్దరికీ గేదె, బర్రె అన్న మాట దగ్గర తప్ప ఇంకెక్కడా పేచీ రాలేదు. తెల్లారకముందే పాల బకెట్ల చప్పుడుతో లేచేవాళ్లం. నానబెట్టిన తెలగపిండి వాసన, పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, అమ్మ కాఫీ గింజలు వేయించే వాసన, అన్నీ ఒకే కిటికీలోంచి వచ్చేవి. వీటన్నిటి కిందా ఇంకో వాసన ఉండేది. పసుపు, వేపాకు, పులిసిన మజ్జిగ కలిసిన వాసన. అది ఎక్కడిదో నాకు కొన్నాళ్లు తెలియలేదు.

కొట్టం వెనక రేకుల షెడ్డు ఉండేది. పెద్దమ్మ తండ్రి పహిల్వాన్, కుస్తీ నేర్పడానికి ఆయన కట్టిన తాలీం అది. మధ్యలో గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, మూలకు రాతి గుండ్లు, కర్ర గదలు. పొద్దున పూట ఊళ్లో మగపిల్లలు వచ్చి కుస్తీ పట్టి పోయేవాళ్లు. వాళ్లను చూసుకునేది పెద్దమ్మ తమ్ముడు యాదగిరి మామ. కానీ గోదాలో మన్ను బాధ్యత మాత్రం పెద్దమ్మది. శనివారం శనివారం ఆ మన్నును జల్లెడ పట్టి, పసుపు చల్లి, నువ్వుల నూనె, మజ్జిగ, నిమ్మరసం పోసి, కాళ్లతో తొక్కి, చేతులతో పిసికి, మళ్లీ పరిచేది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మట్టికి మజ్జిగ పోస్తున్నారేమిటండీ అక్కయ్యగారూ అని అడిగితే, మన్ను మెత్తగ లేకుంటే పోరగాళ్ల తోలు లేస్తది చెల్లె అని తాపీగా చెప్పిందట. ఆ రాత్రి అమ్మ నాన్నకు ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వింది. తర్వాత్తర్వాత మా ఇంట్లో మిగిలిన మజ్జిగ కూడా ఆ గోదాలోకే వెళ్లేది.

పెద్దమ్మ తండ్రికి కొడుకు ఆలస్యంగా పుట్టాడు. అందుకని ఆయన కొన్నేళ్లు కూతురికే కుస్తీ నేర్పాడు. నలుగురికీ తెలిస్తే బాగుండదని మధ్యాహ్నం పూట, తలుపులు వేసుకుని నేర్పాడు. తర్వాత కొడుకు పుట్టాడు, కూతురికి పెళ్లయింది, ఆ కథ అక్కడితో అయిపోవాలి. కానీ పెద్దమ్మ దాన్ని అయిపోనివ్వలేదు. బడి వదిలేవేళకూ సాయంత్రం పాలు పిండే వేళకూ మధ్య గోదా ఖాళీగా ఉండేది. ఆ కాస్త సమయం ఆవిడదీ, సరితదీ. గోచి పెట్టి కట్టిన చీర, నడుముకు బిగించిన కొంగు, పైన పాత మగ చొక్కా. మనిషి ఎంత భారీ అంటే, ఆవిడ గడప దాటి వస్తుంటే మా ఇంటి ముందుగదిలో వెలుగు తగ్గేది. ఆ భారీతనం గురించి ఆవిడకు సిగ్గు లేదు. ఆ రోజుల్లో నేను చూసిన ఆడవాళ్లందరూ తమ ఒంటిని దాచుకోవడానికో, తగ్గించుకోవడానికో తంటాలు పడేవాళ్లే. ఒళ్లు పనికొచ్చే వస్తువని, దాన్ని చూసుకుని గర్వపడొచ్చని నాకు తెలిసింది పెద్దమ్మ వల్లే.

నేను ఎముకల గూడును. బస్సులో జనం ఒకవైపు ఒరిగితే నేనూ అటే కొట్టుకుపోయేదాన్ని. పెద్దమ్మ నాకు చింతబరిగె అని పేరు పెట్టింది. ఒకరోజు పాలకని వేళ కాని వేళ వెళ్లాను. షెడ్డులోంచి చప్పుడు వినబడితే తొంగి చూశాను. సరిత తల్లి నడుము పట్టుకుని వేలాడుతోంది. పెద్దమ్మ కదలడం లేదు సరికదా, పొలంలో దిష్టిబొమ్మలా నిలబడి గోడ మీది బల్లిని చూస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వు వినబడ్డవైపు తిరిగి, నవ్వుడెందుకు, నువ్వు లేపు చూద్దాం రా అంది. రోషం వచ్చేసింది. నాకు అన్నీ తక్కువే గానీ రోషానికి మాత్రం ఏ రోజూ లోటు లేదు. చెంబు గట్టు మీద పెట్టి, లంగా ఎగదోపుకుని దిగాను. రెండు చేతులూ ఆవిడ నడుము చుట్టూ అందలేదు. ఊపిరి బిగబట్టి లాగాను, గుంజాను, చివరికి ఏడుపొచ్చేదాకా పెనుగులాడాను. పాలు పిండే వేళైందని ఆవిడే నన్ను పక్కకు జరిపి వెళ్లిపోయింది.

ఆ తాలీంలో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు పెద్దవాళ్లను పడగొట్టాలని ఎవరూ అనుకోరు, అది జరిగే పనీ కాదు. అందుకని లేపితే చాలు. తనకంటే పెద్దవాళ్లను, బరువైనవాళ్లను పట్టుకుని, వాళ్ల పాదాలు రెండూ మన్ను విడిచేలా లేపగలిగితే, ఆ లేచినవాళ్లు కిందికి దిగి, వంగి, చిటికెడు మన్ను తీసి, లేపిన పిల్లల భుజానికి అద్దాలి. మన్నద్దుడు అనేవాళ్లు దాన్ని. అంతకు మించి బహుమానం ఏమీ లేదు. కానీ ఆంజనేయస్వామి పటం ముందు అబద్ధపు మన్ను ఎవరూ అద్దరు. ఊళ్లో ఎవరికి ఎవరు మన్నద్దారో అందరికీ గుర్తు ఉండేది. పెద్దమ్మకు వాళ్ల నాయన అద్దింది ఒక్కసారే. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయేది, అక్కడ ఇంకా మన్ను ఉన్నట్టే తడుముకునేది.

నాకు ఆ మన్ను కావాలి. ఎందుకో అంటే చెప్పలేను. బడిలో నేను మొదటిదాన్నీ కాదు, చివరిదాన్నీ కాదు. ఇంట్లో ఎవరూ నన్ను ఏ పనిలోనూ మెచ్చుకుని ఎరగరు, తిట్టీ ఎరగరు. ఆ గోదాలో మాత్రం ఒక పెద్ద మనిషి, ఊరంతా భయపడే మనిషి, నా ఎదురుగా నిలబడి నన్ను సీరియస్‌గా తీసుకుంటోంది. తన బరువులో ఒక్క వీసం కూడా నాకోసం తగ్గించకుండా నిలబడుతోంది. నేను రోజూ వెళ్లేదాన్ని. నాన్న పాత ప్యాంటు కత్తిరించి కుట్టుకున్నాను. నన్నూ సరితనూ పెద్దమ్మ ఒకరితో ఒకరిని పట్టనిచ్చేది కాదు. మీరిద్దరు ఒక్క తీరుగున్నరు, గుంజుకుంటరు, అలిసిపోతరు, నేర్చుకునేదేం లేదు అనేది. మాకు జోడీ ఎప్పుడూ తనే. మేము పట్టడం, జారడం, మన్ను కరవడం. ఆవిడ చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడడం. ఊరి చుట్టూ టవర్ల కోసం బండలు పేల్చేవాళ్లు అప్పుడు. ముందు ఈల వేసేవాళ్లు, తర్వాత ఢమ్మని నేల అదిరేది, రేకుల మీది దుమ్ము మా మీద రాలేది. మేమిద్దరం ఉలిక్కిపడేవాళ్లం. పెద్దమ్మ మాత్రం, ఇగ అయింది, పట్టుండ్రి అనేది.

ఆవిడ నేర్పే తీరు కూడా విచిత్రం. కుస్తీ పట్టుల పేర్లు చెప్పేది కాదు. తప్పు చేస్తే తప్పని కూడా చెప్పేది కాదు, నిలబడి ఉండేది, అంతే. లేవలేదంటే మనం చేసింది తప్పని మనకే తెలియాలి. చాలా రోజుల తర్వాత, బహుశా నా అవస్థ చూడలేక, ఒక్క మాట చెప్పింది. ఆ ఒక్క మాట నాకు ఈనాటికీ చెవిలో ఉంది.

"నా బరువును గుంజకు బిడ్డా. గుంజితే అది నీ మీదికే వస్తది. నువ్వే దాని కిందికి రా. మోకాళ్లు వంచు, నీ ఛాతీ నా ఛాతీకి ఆనియ్యి, నా ఊపిరి ఎట్ల పోతుందో చూడు. నేను ఊపిరి బయటికి వదిలినప్పుడు నువ్వు లెవ్వు."

చెప్పినంత తేలిక కాదు. అవతలి మనిషి ఊపిరి వినాలంటే ముందు మన రొప్పు ఆగాలి. నాకు అది ఆగేది కాదు. అంత దగ్గరగా ఆవిడ ఛాతీకి చెవి ఆనించినప్పుడు పాల వాసన, చెమట, పసుపు. ఆ వాసన నాకు ఎంత ధైర్యమిచ్చేదో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను.

అమ్మకు సంగతి బట్టల వల్ల తెలిసింది. పసుపు మన్ను మరక ఎంత ఉతికినా పోదు. బాదీ బాదీ విసిగిపోయి నిలదీసింది. చెప్పేశాను. ఆడపిల్లవి, ఎక్కడైనా చెయ్యో కాలో విరిగితే మీ నాన్నగారికి నేనేం చెప్పను అని కాసేపు గొడవ చేసింది. తర్వాత ఒకరోజు తనే వచ్చి షెడ్డు గడప మీద కూర్చుంది. పెద్దమ్మను పట్టుకుని నేను పడే పాట్లు చూసింది. మర్నాటి నుంచి ఆ వేళకు నాకు ఒక గ్లాసు పాలు, రెండు సున్నుండలు గడప మీద ఉండేవి. సరితకు కూడా.

వాన కాలం వెళ్లేముందు ఒకరోజు సరిత వాళ్ల అమ్మను లేపేసింది. నేను పక్కనే ఉన్నాను. ఎగిరి లేపలేదు, బలంగా కూడా లేపలేదు. ఊరికే మెల్లిగా మోకాళ్లు సాగాయి, పెద్దమ్మ పాదాలు మన్ను మీద నుంచి జానెడు లేచాయి, దిగాయి. పెద్దమ్మ ఒక్క క్షణం కూతుర్ని తేరిపార చూసింది. తర్వాత వంగి, మన్ను తీసి, సరిత ఎడమ భుజానికి అద్దింది. సరిత ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపు వేరు. కుళ్లుతో ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పుడే ఇంకో కబురు వచ్చింది. కొట్టం వెనక నుంచి కొత్త రోడ్డు పడుతోందట. తాలీం పోతుంది, కొట్టంలో సగం పోతుంది. యాదగిరి మామకు పెద్ద బాధేమీ లేదు, ఊళ్లో సగం మంది భూములు అమ్ముకుని మిద్దెలు కడుతున్న కాలం. నాన్న కూడా అప్పటికే ప్రగతి నగర్‌లో స్థలం కొని గోడలు లేపుతున్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు ఒక్కదానికే గుండెలో రాయి పడింది. గోదా పోయేలోపు నాకు మన్ను అందాలి. గోదా లేకపోతే మన్నెక్కడిది? చదువు మానేశాను, తిండి తగ్గిపోయింది, నిద్రలో కూడా మోకాళ్లు వంచేదాన్నట. ప్రతి సాయంత్రం పెద్దమ్మను పట్టుకునేదాన్ని, ప్రతి సాయంత్రం ఓడిపోయి వచ్చేదాన్ని. బలం చూస్తే ఉండేది, కానీ తొందరెక్కువై ఊపిరి వినడం ఎప్పుడో మర్చిపోయాను.

ఒక ఆదివారం ఎప్పట్లాగే పట్టాను. ఈసారి పెద్దమ్మ లేచింది. చక్కగా, తేలిగ్గా, రెండు పాదాలూ మన్ను విడిచి లేచాయి. సరిత చప్పట్లు కొట్టింది. నేను ఆవిడను దించి, రొప్పుతూనే ఎడమ భుజం ముందుకు చాపి నిలబడ్డాను. పెద్దమ్మ వంగలేదు. చీర కుచ్చెళ్లు దులుపుకుంది. నావైపు చూసిన చూపులో కోపం లేదు, నవ్వు కూడా లేదు.

"ఇప్పుడు లేసింది మీ అమ్మ కోసం" అంది. "మన్ను మాత్రం నీ కోసమే అద్దుత. ఇగ పట్టు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గోదాలోంచి ఒక్క పరుగున ఇంటికి వెళ్లాను. అమ్మ వంటింట్లో ఉంది. నా మొహం చూడగానే చేతిలో గరిటె ఆగిపోయింది. అంతకుముందు రోజు అమ్మ సున్నుండల డబ్బా పట్టుకుని వెళ్లి పెద్దమ్మను బతిమాలిందట. పిల్ల అన్నం తినడం లేదు, నిద్రపోవడం లేదు, ఒక్కసారి కాస్త కాలి వేళ్ల మీద లేవండి అక్కయ్యగారూ, మీకు పుణ్యముంటుంది అందట. భుజానికి పెట్టే చిటికెడు మట్టి కోసం కన్నకూతురు చిక్కిపోతుంటే గోదావరి జిల్లా తల్లి ఇంకేం చేస్తుంది? అమ్మకు అది ఒక ఆట, ఆటలో పిల్లలను గెలిపించడం పెద్దల ధర్మం. పెద్దమ్మకు కొంగు చాపి అడిగిన చెల్లె మాట కాదనడం రాదు, అబద్ధపు మన్ను అద్దడమూ రాదు. రెండూ నిలబెట్టుకుంది. ఇంత తెలివిగా రెండూ నిలబెట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. కానీ ఆ రోజు నాకు ఈ తెలివి ఎక్కడిది? నువ్వు నా పరువు తీశావు అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నువ్వు తినడం లేదు కదమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అని ఒక్క మాట అని, అమ్మ ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత మిగిలిన రోజుల్లో నేను నిజంగానే కాస్త నేర్చుకున్నాను. అలక నాలుగు రోజులుండి పోయింది. అలక పోయాక తొందర కూడా పోయింది. ఛాతీకి చెవి ఆనించి ఊపిరి వినడం మొదలుపెట్టాను. ఒకసారి పెద్దమ్మ మడమ కదిలింది, అది నాకు తెలిసింది, ఆవిడకూ తెలిసింది. చివరి రోజు పట్టు ఇంకా గుర్తుంది. బయట యంత్రం వచ్చి నిలబడింది, రేకులు విప్పడానికి మనుషులు గోడ దగ్గర బీడీలు కాలుస్తున్నారు. పెద్దమ్మ వాళ్లను జర ఆగమంది. నేను పట్టాను. చాలాసేపు పట్టాను. ఒక మడమ లేచింది. రెండోది లేవలేదు. బయట నుంచి యాదగిరి మామ, అక్కా, వాళ్లకు పొద్దుపోతుంది అని కేకేశాడు. పెద్దమ్మ నా వీపు మీద చెయ్యి వేసి నన్ను విడిపించింది. ఆంజనేయస్వామి పటం మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుని, "ఒకటి అయింది, ఒకటి ఉన్నది" అని నాతో అంది. అంతే. నెల తిరగకుండా మేం ప్రగతి నగర్ వెళ్లిపోయాం, చెంబుతో సహా.

ఆ తర్వాత పెళ్లిళ్లలో, చందానగర్ బజారులో అప్పుడప్పుడు కలిసేవాళ్లం. మంచి చెడ్డలు మాట్లాడుకునేవాళ్లం. ఆ రెండో మడమ సంగతి ఎత్తేంత ఖాళీ ఎప్పుడూ దొరకలేదు. నాకు ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నా కూతురు ఇప్పుడు కరాటే నేర్చుకుంటుంది. చల్లటి హాలు, రంగురంగుల రబ్బరు చాపలు. వయసుకు తగిన జోడీ, బరువుకు తగిన జోడీ, ప్రతి మూడు నెలలకూ ఒక కొత్త బెల్టు. నేను తప్పు పట్టడం లేదు, ఎవరి ఎముకలూ విరగవు, పిల్ల నవ్వుతూ ఇంటికి వస్తుంది. కానీ తనను ఏమాత్రం లేపలేని పిల్ల ముందు రోజూ ఓపిగ్గా నిలబడే పెద్ద మనిషి అక్కడ నాకు కనబడలేదు. పాలు పిండే వేళ మించిపోతున్నా, మోకాళ్లు లాగుతున్నా, జీతం లేకుండా, మెప్పు లేకుండా, ఒక ఎముకల గూడు కోసం తన బరువంతా తెచ్చి నిలబెట్టేది ఆవిడ. మనం అభిమానం అనే మాట ఎన్ని చోట్ల వాడతాం? నాకు మాత్రం ఆ మాట వినగానే ఆవిడ నిలబడ్డ తీరే కళ్ల ముందు కదులుతుంది.

చెంబు సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కాను. సరిత అపార్ట్‌మెంటు రాయదుర్గం స్టేషను నుంచి నడిచే దూరంలోనే. తాలీం ఉన్న చోట ఇప్పుడు రోడ్డు మలుపు, దాని పక్కన ఏదో ఆఫీసు గేటు. సరిత ఎదురొచ్చి కావలించుకుంది. దానికి డిస్కు జరిగి నడుముకు పట్టీ ఉంది. పెద్దమ్మ బాల్కనీకి ఆనుకున్న గదిలో మంచం మీద ఉంది. మనిషి కొంచెం కూడా చిక్కలేదు, కాళ్లే మాట వినడం లేదు. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే పనిమనిషి ఆ పూట రాలేదట. చెంబు చేతిలో పెట్టాను. పేరు మీద వేలు పెట్టి రాసి చూసింది. ఇన్నేళ్లు తోముకుంట ఉన్నదా మా చెల్లె అని అడిగింది. అవునన్నాను. చాలాసేపు చెంబును ఒళ్లో పెట్టుకుని అమ్మ గురించి అడిగింది. మంచాన పడ్డది ఎన్నాళ్లు, ఏం తినేది, నొప్పులు ఉండేవా. అన్నీ చెప్పాను.

"మంచం మీదికెల్లి ఎవరు లేపుతుండె?" అని అడిగింది.

"నేనే, పెద్దమ్మా."

"ఎట్ల లేపినవ్?"

మోకాళ్లు వంచి, ఛాతీకి ఛాతీ ఆనించి, అమ్మ ఊపిరి బయటికి వదిలేదాకా ఆగి లేపేదాన్నని చెప్పాను. మనిషిని లేపే బెల్టు కొనమని నర్సు చెప్పింది, నేను కొనలేదు. అమ్మకు ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు. చివర్లో అమ్మ మాట పడిపోయింది, అయినా నేను పట్టుకోగానే తలకాయ నా భుజం మీద పెట్టి ఒళ్లు వదిలేసేది. ఎవరు నేర్పారే నీకు అని మాట ఉన్నప్పుడు ఒకసారి అడిగింది కూడా. నువ్వు సున్నుండలిచ్చి బతిమాలిన ఆవిడే అన్నాను. అమ్మ నవ్వింది. మా ఇద్దరి మధ్యా ఆ పాత గొడవ అలా తీరింది.

పెద్దమ్మ అంతా విన్నది. చెంబు పక్కన పెట్టింది.

"ఏదీ, నన్ను లేపు" అంది.

సరిత గుమ్మంలోంచి వద్దు వద్దంది, పరేషాన్ అవుతావే, మా అమ్మ బరువు నీకు తెల్వదు అంది. నాకు తెలియకపోవడమేమిటి? మంచం అంచుకు జరిపి, ఆవిడ పాదాలు గచ్చు మీద ఆనించి, నా మోకాళ్లు వంచి, రెండు చేతులూ ఆవిడ వీపు వెనక కలిపాను. ఇప్పుడు చేతులు అందాయి. ఆవిడ ఏమాత్రం సాయం చెయ్యలేదు. ముసలివాళ్లు మామూలుగా మెడ పట్టుకుని వేలాడతారు, మంచం మీద చెయ్యి ఊతం పెడతారు. ఆవిడ చేతులు రెండూ వదిలేసి, గోదాలో నిలబడ్డట్టే, బరువంతా తెచ్చి నా ముందు పెట్టింది. చెవి ఆనించాను. పాల వాసన పోయింది, మందు నూనె వాసన వచ్చింది, కింద ఊపిరి మాత్రం అదే. లోపలికి పోయింది. ఆగింది. వదిలింది. నేను లేచాను. ఆవిడ పాదాలు రెండూ గచ్చు విడిచాయి. మెల్లిగా తిప్పి బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆవిడ కొంచెం సేపు రొప్పింది. తర్వాత పక్కనున్న తులసి కుండీలోకి చెయ్యి పెట్టి చిటికెడు మన్ను తీసింది. వేళ్ల మధ్య నలిపి చూసి మొహం చిట్లించింది.

"నర్సరీ మన్ను, కొబ్బరి పీచు కలిపిండ్రు" అంది. "మన్నేదైతేంది. వంగు."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎడమ భుజానికి అద్దింది, గట్టిగా, అరచెయ్యి మొత్తం ఆనించి. ఏడ్చాను. ఈసారి కుళ్లు లేదు.

తిరిగి వస్తుంటే మెట్రో స్టేషను గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి ఆపింది. బ్యాగు చూసింది, చేతులు చాపమంది. నా భుజం చూసి, "మేడం, మన్ను అంటింది, జర దులుపుకోండ్రి" అంది. తనే దులపబోయింది.

ఉండనీ తల్లీ అన్నాను.